క్రెడిట్ కార్డ్ ఉండాలా, లేకుండానే బతకొచ్చా: మా రెండిళ్ల అనుభవంతో ఒక రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది ఏదో ఒక బ్యాంకు కార్డు మీద రివ్యూ కాదు. ఏ కార్డుకి ఎన్ని పాయింట్లు వస్తాయో చెప్పే వీడియోలు కావాల్సినన్ని ఉన్నాయి. నేను రాసేది క్రెడిట్ కార్డ్ అనే వస్తువు గురించే, అసలు అది మన జేబులో ఉండాలా వద్దా అని. నేను మియాపూర్‌లో ఉంటా, ప్రైవేటు ఉద్యోగం, చాలా ఏళ్ల నుంచి కార్డు వాడుతున్నా, ఇప్పటిదాకా దాని మీద వడ్డీ అన్నది కట్టలేదు. మా అక్కావాళ్లు ఉప్పల్‌లో ఉంటారు, వాళ్లింట్లో కార్డే లేదు, బావకి ఆఫర్లు రాక కాదు, రోజూ వస్తాయి, తీసుకోరు అంతే. రెండిళ్లూ బాగానే నడుస్తున్నాయి. అందుకే "కార్డు లేకుండా ఈ రోజుల్లో ఎట్లా" అనేవాళ్లని చూసినా, "కార్డు తీసుకున్నావంటే మునిగినట్టే" అనేవాళ్లని చూసినా నాకు ఒప్పబుద్ధి కాదు.

నా మాట ఒక్కటే. కార్డు పేమెంట్ చేయడానికి మంచి వస్తువు, అప్పు తీసుకోవడానికి మాత్రం పరమ చెత్త వస్తువు. ఈ రెండింటినీ ఒకే ప్లాస్టిక్ ముక్కలో పెట్టి అమ్ముతారు కాబట్టే ఇంత గందరగోళం. ఫుల్ బిల్లు కట్టగలిగితే ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా, కట్టలేని నెలలు వస్తాయి అనుకుంటే ఒక్క స్టార్ కూడా ఇవ్వను.

ముందు అక్కావాళ్ల పద్ధతి చెప్తా, ఎందుకంటే దాన్ని ఎవరూ సరిగ్గా రివ్యూ చేయరు. కార్డు లేదంటే నోట్ల కట్టలు పట్టుకుని తిరుగుతారని కాదు. 2016లో యూపీఐ వచ్చాక, ముఖ్యంగా 2020 జనవరి నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి షాపువాళ్ల దగ్గర కమీషన్ తీసేశాక, పాలప్యాకెట్ నుంచి పట్టుచీర దాకా అన్నిటికీ స్కానింగే. అక్క ఏం చేస్తదంటే జీతం పడగానే ఇంటి ఖర్చుకి ఇంత అని వేరే అకౌంట్‌లోకి మారుస్తది, యూపీఐ ఆ అకౌంట్‌కే లింకు, అందులో అయిపోతే ఆ నెలకి అయిపోయినట్టే. నేను ఒకసారి కార్డు తీసుకోవే, ఆఫర్లు ఉంటాయి అంటే "నీ కార్డు ముచ్చట నాకొద్దురా, పైసలుంటే కొంటం, లేకుంటే జరంత ఆగుతం, ఆగితే ఏం పోతది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

పెద్ద ఖర్చులకి వాళ్లకి చిట్టీ ఉంది. 20 మంది, నెలకి 10,000, 20 నెలలు, 2 లక్షల చిట్టీ, రిజిస్టర్డ్ కంపెనీలో. ఫ్రిజ్, పిల్లల స్కూల్ ఫీజు, ఇంటికి రంగులు అన్నీ దాంట్లోంచే. ఇక్కడ ఒక విషయం మాత్రం అక్కకి కూడా చెప్పాను, చిట్టీ ఫ్రీ ఏం కాదు. తొందరగా పాట పాడితే వదులుకునే డబ్బులు ఒకరకంగా మిత్తే, పైగా నడిపేవాళ్ల కమీషన్ 2019 చట్ట సవరణ తర్వాత 7 శాతం దాకా ఉండొచ్చు. చివరి నెలల దాకా ఓపిక పట్టేవాళ్లకే అది పొదుపు, మొదట్లోనే ఎత్తుకునేవాళ్లకి అది అప్పు. కాలనీలో ఎవరో ఆంటీ నోటి మాట మీద నడిపే చిట్టీల జోలికి మాత్రం అసలు పోవద్దు, 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందా లేదా చూసుకోండి, వాళ్లు ఎత్తేస్తే మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

కార్డు లేని పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే నెలాఖరులో మిగిలింది ఎంత అన్నది కళ్ల ముందు కనిపిస్తది. కార్డుతో అట్లా ఉండదు, అకౌంట్‌లో 60,000 కనిపిస్తయి, కానీ అందులో 28,000 ఆల్రెడీ ఖర్చైపోయినవే, బిల్లు రాలేదంతే. ఇది మనసులో పెట్టుకుని నడుచుకునే అలవాటు అందరికీ ఉండదు, ఉండాలని రూలు కూడా లేదు.

సరే, ఇప్పుడు కార్డు.

కార్డు మంచిగా పనిచేసే చోటు ఏంటంటే కొన్న రోజుకి, డబ్బులు కట్టే రోజుకి మధ్యలో వచ్చే గడువు. నా స్టేట్‌మెంట్, అంటే నెల బిల్లు, ప్రతి నెలా 15న వస్తది, కట్టాల్సిన ఆఖరి తేదీ, అదే డ్యూ డేట్, తర్వాతి నెల 5. అంటే 16వ తేదీన ఏదన్నా కొంటే అది వచ్చే నెల స్టేట్‌మెంట్‌లోకి పోతది, డబ్బులు కట్టాల్సింది దాదాపు 50 రోజుల తర్వాత. అదే 14న కొంటే మూడు వారాలే. జీతం 1న పడుతది కాబట్టి 5వ తేదీ నాకు సరిగ్గా సరిపోయింది. మొదట్లో నాది వేరే తేదీ, నెల మధ్యలో డ్యూ పడేది, అడిగి మార్పించుకున్నా. చాలామందికి తెలియదు, బిల్లింగ్ సైకిల్‌ని కనీసం ఒక్కసారి మార్చుకునే అవకాశం కార్డు ఇచ్చినవాళ్లు కస్టమర్‌కి ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్. కార్డు తీసుకున్నవాళ్లు చేయాల్సిన మొదటి పని ఇదే అంటా నేను, జీతం పడిన వారంలో డ్యూ డేట్ ఉండేలా చూసుకోవడం.

రెండో పని ఆటోపే. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఆటోపే ఫామ్‌లో గానీ యాప్‌లో గానీ రెండు ఆప్షన్లు ఉంటాయి, టోటల్ అమౌంట్ డ్యూ అంటే మొత్తం బిల్లు, మినిమమ్ అమౌంట్ డ్యూ అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సింది. కార్డు అమ్మడానికి వచ్చే అబ్బాయిలు తొందరలో ఫామ్ నింపేటప్పుడు మినిమమ్ దగ్గర టిక్ పెట్టేసిన కేసులు నా కళ్లతో చూశా, కావాలని పెట్టారో తెలియక పెట్టారో గానీ, మనం మాత్రం ఆటోపే పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉంటాం. కార్డు ఉన్నవాళ్లు ఇది చదవడం ఆపి ఒకసారి యాప్ తెరిచి ఆ ఆప్షన్ చూసి రండి, నిజంగా చెప్తున్నా.

ఎందుకంటే మినిమమ్ డ్యూ దగ్గరే మొత్తం కథ ఉంది. మా ఆఫీసులో ఒక కుర్రాడు, అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటాడు, టీ తాగుతూ ఫోన్‌లో స్టేట్‌మెంట్ చూపించి "అన్నా, నెలనెలా కడుతూనే ఉన్నా, బిల్లు మాత్రం అట్లానే ఉంటుంది, ఎందుకు" అని అడిగాడు. బిల్లు 40,000, మినిమమ్ డ్యూ 2,000. వాడు 2,000 కట్టి డ్యూ డేట్ లోపలే కట్టాను కదా అనుకుంటున్నాడు. టిష్యూ పేపర్ మీద లెక్క వేసి చూపించా. మిగిలింది 38,000. వాడి కార్డు మీద వడ్డీ నెలకి 3.5 శాతం, అంటే 1,330. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, 239. మొత్తం 1,569. అంటే వాడు కట్టిన 2,000లో నిజంగా అసలు తగ్గింది 431 రూపాయలు. నలభై వేల అప్పులో నాలుగు వందల ముప్పై ఒకటి! అది కూడా నేను దయతో వేసిన లెక్క, ఎందుకంటే ఫుల్ బిల్లు కట్టకపోతే వడ్డీని డ్యూ డేట్ నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచి లెక్కేస్తారు, పైగా ఆ తర్వాత కొత్తగా గీకిన ప్రతి దానికీ ఆ గడువు అన్నది ఉండదు, గీకిన రోజు నుంచే మీటర్ స్టార్ట్. వాడేమో అదే కార్డుతో స్విగ్గీ, పెట్రోల్ అన్నీ చేస్తున్నాడు.

నెలకి మూడున్నర అంటే చిన్నగా వినిపిస్తది, సంవత్సరానికి 42 శాతం. గోల్డ్ లోన్ ఎంతకి వస్తదో, పర్సనల్ లోన్ ఎంతకి వస్తదో కనుక్కుని పక్కన పెట్టి చూసుకోండి. వాడికి నేను చెప్పింది, ముందు కార్డు వాడటం ఆపేయ్, జీతం అకౌంట్ ఉన్న బ్యాంకులో పర్సనల్ లోన్ తీసుకుని మొత్తం ఒకేసారి క్లియర్ చేయ్, తర్వాత ఆ ఈఎంఐ కట్టుకో. వాడికి 14 శాతానికి వచ్చింది. అప్పు తీర్చడానికి ఇంకో అప్పా అని వాళ్ల నాన్న కోప్పడ్డారంట, ఆయన బాధ నాకు అర్థమైతది, కానీ 42 శాతం అప్పుని 14 శాతం అప్పుతో తీర్చడం తెలివైన పనే.

ఈ వడ్డీకి పైన హద్దు ఏమైనా ఉందా అంటే, 30 శాతం దాటి వసూలు చేయకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది, దాన్ని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఎవరో వచ్చి కాపాడతారు అనుకోవద్దు, మన జాగ్రత్తే మనకి. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బులు తీయడం గురించి ఒక్క ముక్క, తీయొద్దు. ఫీజు విడిగా, వడ్డీ మొదటి రోజు నుంచే.

లేట్ ఫీజు విషయంలో మాత్రం మనకి కొంచెం ఊరట ఉంది. డ్యూ డేట్ దాటాక మూడు రోజుల కంటే ఎక్కువ ఆలస్యమైతేనే లేట్ ఫీజు వేయాలి, అప్పుడే క్రెడిట్ బ్యూరోకి, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థకి, రిపోర్ట్ చేయాలి, 2022లో ఆర్‌బీఐ పెట్టిన రూల్ ఇది. శని ఆదివారాల్లో సర్వర్ మొరాయించి పేమెంట్ పోకపోతే కంగారు పడొద్దు. అట్లా అని దీన్ని అలవాటు చేసుకోవద్దు.

ఇక లాభాల సంగతి, అందరూ ముందు అడిగేది ఇదే. నెలకి 25,000 కార్డు మీద ఖర్చు పెడితే ఏడాదికి 3 లక్షలు, ఒక శాతం క్యాష్‌బ్యాక్ అనుకుంటే 3,000 వస్తది. యాన్యువల్ ఫీజు 499 అంటే జీఎస్టీతో 589 పోతది, ఇంత ఖర్చు పెడితే మాఫీ చేసేవాళ్లూ ఉంటారు. అంటే ఏడాది పొడుగునా క్రమశిక్షణగా ఉంటే మిగిలేది రెండున్నర, మూడు వేలు. బాగానే ఉంది, కాదనను, మా ఇంట్లో గ్యాస్ సిలిండర్లకి సరిపోతది. కానీ ఒక్క నెల బిల్లు మర్చిపోతే వడ్డీ, లేట్ ఫీజు కలిపి ఆ మొత్తం ఒక్క దెబ్బకి పోతది. పాయింట్ల కోసం అవసరం లేనిది కొన్నా అంతే, వెయ్యి రూపాయలది కొంటే వచ్చేది పది రూపాయలు.

షాపుల్లో పరిస్థితి ఇంకోలా ఉంటది. సికింద్రాబాద్ సీటీసీకి ల్యాప్‌టాప్ కోసం వెళ్లినా, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి ఫోన్ కోసం వెళ్లినా, బేరం అంతా అయిపోయి కార్డు తీయగానే చాలా షాపుల్లో వినిపించే మాట "కార్డ్ అయితే టూ పర్సెంట్ ఎక్స్‌ట్రా సార్". వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేం, క్రెడిట్ కార్డు మీద వాళ్లకి దాదాపు అంత కమీషన్ పడుతది, మార్జినే తక్కువ ఉన్న సరుకు. 55,000 ల్యాప్‌టాప్ మీద 2 శాతం అంటే 1,100, మనకి వచ్చే క్యాష్‌బ్యాక్ 550. అట్లాంటి చోట నేను నోరు మూసుకుని యూపీఐ కొట్టేస్తా. మా అక్క అయితే ఇంకో అడుగు ముందుకేసి, "మొత్తం ఇప్పుడే ఇస్తున్న, ఇంకెంత తగ్గిస్తవ్" అని ఫ్రిజ్ మీద స్టెబిలైజర్ కూడా పట్టుకొచ్చింది. కార్డుకి ఆ బలం లేదు. ఆన్‌లైన్ పండగ సేల్స్‌లో మాత్రం కార్డుదే పైచేయి, 10 శాతం డిస్కౌంట్ నిజంగానే ఇస్తారు, మ్యాక్సిమమ్ ఇంత అని చిన్న అక్షరాల్లో ఉంటది, అది చదువుకుని లెక్కేసుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే నాకు నచ్చదు. సున్నా వడ్డీ అన్నదే లేదని ఆర్‌బీఐ 2013లోనే చెప్పింది. ఎక్కడ దాస్తారంటే, వడ్డీ అంత డిస్కౌంట్ ముందు ఇచ్చి తర్వాత ఈఎంఐలో ఆ వడ్డీ వసూలు చేస్తారు, ఆ వడ్డీ మీద జీఎస్టీ మనమే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ రెండు మూడు ఈఎంఐలు ఒకేసారి నడుస్తుంటే జీతంలో అంత భాగం ముందే బుక్ అయిపోయినట్టు, అదే అసలు ప్రమాదం.

రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి లింక్ చేసే సౌకర్యం 2022లో వచ్చింది. టెక్నాలజీగా గొప్ప పని, జేబులో కార్డు లేకున్నా పర్లేదు. నేను మాత్రం లింక్ చేయలేదు, చేయను. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ కూడా అప్పు మీద తాగడం తినడం నాకు సరి అనిపించదు, చిన్న ఖర్చులు అకౌంట్‌లోంచి అప్పటికప్పుడు పోతేనే చేయి ఆగుతది. పైగా వ్యాపారుల క్యూఆర్‌కే ఇది పనిచేస్తది, మనిషికి మనిషి పంపుకునేదానికి కుదరదు, కాబట్టి రైతు బజార్‌లో కూరగాయల అమ్మ దగ్గర ఆమె సొంత నంబర్ క్యూఆర్ ఉంటే పేమెంట్ పోదు, వెనక లైన్‌లో వాళ్లు చూస్తుంటారు.

కార్డు నిజంగా డెబిట్ కార్డు కంటే మేలు అనిపించే చోటు మోసాలు. ఎవరైనా డెబిట్ కార్డు వివరాలు కొట్టేస్తే పోయేది మన జీతం డబ్బులు, ఆ నెల అద్దె, స్కూల్ ఫీజు ఆగిపోతయి. క్రెడిట్ కార్డు అయితే గొడవ తేలేదాకా ఇరుక్కునేది బ్యాంకు డబ్బు. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల వల్ల జరిగిన మోసాన్ని మూడు పని దినాల్లోపు చెప్తే మన బాధ్యత సున్నా అని ఆర్‌బీఐ 2017 సర్క్యులర్. అదే ఓటీపీ మనమే చెప్పామంటే ఈ రక్షణ ఉండదు, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మన మీదే. కాబట్టి ఏదన్నా తేడా మెసేజ్ రాగానే ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి, తర్వాత సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఇంకో పని, ఇంటర్నేషనల్, ట్యాప్ పేమెంట్, ఏటీఎం క్యాష్ అని యాప్‌లో స్విచ్‌లు ఉంటాయి, వాడనివి అన్నీ ఆఫ్ చేసి పెట్టుకోండి. బయటి దేశం వెళ్లేవాళ్లకి హోటల్ డిపాజిట్‌కి, కారు అద్దెకి క్రెడిట్ కార్డే అడుగుతారు, అది కూడా కార్డు వైపు వేయాల్సిన మార్కు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో లాంజ్ ఫ్రీ అని తీసుకునేవాళ్లు మాత్రం ఆలోచించుకోండి, చాలా కార్డులకి ఇప్పుడు ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉండాలి అని షరతు పెట్టారు.

"ఎమర్జెన్సీకి ఉంటది కదా" అనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది. రాత్రిపూట హాస్పిటల్‌లో అడ్వాన్స్ కట్టమన్నప్పుడు కార్డు కాపాడుతది, నిజమే, కానీ వచ్చే నెల ఆ బిల్లు ఎక్కడి నుంచి కడతారు? బావ ఆర్టీసీలో చేస్తారు, ఆయన లక్షన్నర ఎఫ్‌డీ ఒకటి అసలు ముట్టుకోకుండా పెట్టారు, యాప్‌లో రెండు నిమిషాల్లో బ్రేక్ చేసుకోవచ్చు, హాస్పిటళ్లకి యూపీఐ లిమిట్ కూడా 5 లక్షల దాకా ఉంది. ఆ ఎఫ్‌డీ లేకుండా కార్డు ఒక్కటే నమ్ముకున్నవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తది.

సిబిల్, అంటే అప్పులు ఎట్లా తీర్చామో చూసి బ్యూరో ఇచ్చే స్కోరు, దాని గురించి కూడా లేనిపోని భయాలు పెడతారు, కార్డు లేకపోతే హోమ్ లోన్ రాదు అని. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటది, హిస్టరీ ఉంటే బ్యాంకు పని తేలికవుతది, వడ్డీ కూడా కొంచెం తగ్గొచ్చు, అంతవరకు ఒప్పుకుంటా. కానీ క్రెడిట్ హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి లోన్ అడిగేవాళ్లని తిప్పి పంపొద్దని ఆర్‌బీఐయే బ్యాంకులకి చెప్పింది. గోల్డ్ లోన్ టైముకి తీర్చినా అది కూడా హిస్టరీలోకే వస్తది. అయినా కావాలనుకుంటే ఎఫ్‌డీ మీద ఇచ్చే కార్డు తీసుకోండి, లిమిట్ ఆ ఎఫ్‌డీని బట్టే ఉంటది, పెద్దగా మునిగే అవకాశం లేదు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి నేను ఇదే చెప్తా. లిమిట్‌లో 30 శాతం దాటకుండా వాడుకోండి. నాలుగు బ్యూరోలు ఉన్నాయి, ఒక్కో దాని దగ్గర ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీ, డబ్బులు కట్టి చూసుకోవాల్సిన పని లేదు.

మాల్‌లో, సూపర్ మార్కెట్ ముందు టేబుల్ వేసుకుని "లైఫ్‌టైమ్ ఫ్రీ సార్, జస్ట్ పాన్ నంబర్ చెప్పండి" అనేవాళ్లకి వద్దు అని చెప్పడానికి మొహమాటపడొద్దు. ప్రతి అప్లికేషన్ మీ రిపోర్ట్‌లో ఎంక్వైరీగా పడుతది. మీరు అడగకుండా కార్డు పంపి బిల్లు వేస్తే ఆ చార్జీలు వెనక్కి తీసుకోవడమే కాకుండా దానికి రెండింతలు మీకు పెనాల్టీ కట్టాలని రూల్ ఉంది.

ఇప్పటికే కార్డు ఉండి, ఇదంతా చదివాక నాకొద్దు అనిపించినవాళ్లకి. బాకీ మొత్తం కట్టేయండి, నడుస్తున్న ఈఎంఐలు, ఓటీటీ ఆటోపేలు తీసేయండి, పాయింట్లు ఉంటే ముందే వాడేసుకోండి, తర్వాత యాప్‌లో గానీ మెయిల్‌లో గానీ క్లోజ్ చేయమని పెట్టి ఆ రిక్వెస్ట్ నంబర్ దాచుకోండి. కాల్ చేస్తే "లిమిట్ పెంచుతాం, ఫీజు తీసేస్తాం" అని అరగంట మాట్లాడతారు, రాతపూర్వకంగా పెట్టడమే నయం. ఏడు పని దినాల్లో క్లోజ్ చేయాలి, చేయకపోతే బాకీ లేని కార్డుకి రోజుకి 500 చొప్పున వాళ్లే మీకు కట్టాలి. నెల దాకా చూసినా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి సీఎంఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి, ఫీజు ఏం లేదు, అనుమానాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. క్లోజ్ అయిన రెండు నెలల తర్వాత ఒకసారి ఫ్రీ రిపోర్ట్ తీసి ఆ కార్డు పక్కన క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి.